చల్లబడిన మేడగది

వెర్లీన్ గాస్కిన్స్ మొహం చూసి ఎవరైనా యాభై దాటి ఉండవనుకునేవారు. అరచేతులు చూశాక మాట మార్చుకునేవారు. ఆవిరికి ఉడికి ఉడికి ఆ చేతుల మీద గీతలు కూడా అరిగిపోయాయి. బాల్టిమోర్‌లో మగవాళ్ళ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఆవిరి ఇస్త్రీ మిషను ముందు నిలబడి ఆవిడ జీవితంలో మంచి భాగమంతా గడిపింది. జులై నెలలో ఆ హాల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోతుంటే పక్కకి లాగి, మొహాన నీళ్ళు కొట్టి, "కరోలినా ఎండలో పొగాకు తుంచినదాన్ని నేను. ఇదొక వేడేనా?" అనేది. వేడిని తట్టుకోవడం ఆవిడకి గొప్ప. తనకున్న ఏకైక నగలాగా దాన్ని నలుగురిలో పెట్టుకు తిరిగేది.

వెస్ట్ బాల్టిమోర్‌లో ఆవిడ ఇల్లు రెండుపక్కలా గోడలు పంచుకున్న ఎర్ర ఇటుకల ఇల్లు. వీధివైపు తెల్ల చలవరాతి మెట్లు, పైన ఒక అంతస్తు, దాని మీద తారు పూసిన చదును కప్పు. చలికాలంలో వేడినీళ్ళు పారే ఇనప గొట్టాలతో ఇల్లు కాగేది. వేసవిలో ఏ గొట్టాల సాయమూ లేకుండానే కాగేది. పొద్దు వాలేసరికి వీధంతా మెట్ల మీదికి చేరేది. పక్కింటి ఒజెల్లా ఐసు తురుము మీద రంగు పాకం పోయించుకుని తెచ్చేది. ఇద్దరూ ఒకే గిన్నెలో తింటూ వచ్చేపోయేవాళ్ళ నడక మీద వ్యాఖ్యానాలు చేసేవారు.

మేడమీద వెనక గది అక్కది. అక్క పేరు అల్మీడా. తల్లి పోయినప్పుడు వెర్లీన్ పాలపళ్ళ పిల్ల. అల్మీడాయే అన్నం పెట్టింది, జడలల్లింది, తిట్టింది, బడికి తోలింది. తను ముందు పట్నం వచ్చి, నాలుగిళ్ళలో బట్టలుతికి, చెల్లెలికి రైలు టికెట్టు పంపించింది. చిన్నప్పుడు బండి చక్రం ఎక్కి ఆవిడ ఎడమపాదం నలిగిపోయింది. లావు అడుగు వేసిన జోడు తొడుక్కుని నడిచేది. కుడికాలు టక్కుమని పడేది, ఎడమకాలు సర్రున ఈడ్చుకొచ్చేది. మొగుడు పోయాక కొడుకు రోస్కోని వెంటబెట్టుకుని చెల్లెలింటికే వచ్చేసింది. వెర్లీన్‌కి పిల్లల్లేరు. ఆ ఇంట్లో రోస్కో ఇద్దరు తల్లుల చేతుల్లో పెరిగాడు, సిటీ బస్సు నడిపే ఉద్యోగం వచ్చాక వేరే వాటా తీసుకున్నాడు.

అల్మీడా చనిపోయిన ఏడాది ఎండలు ఎన్నడూ లేనంతగా కాశాయి. అంతకుముందు వసంతంలో వెనక సందులోంచి దొంగ ఎక్కాడని ఒజెల్లా మొగుడు లెమ్యుయెల్ వచ్చి మేడమీది కిటికీలకి మేకులు కొట్టి వెళ్ళాడు. ఆ మేకులు ఎవరూ పీకలేదు. ఆ రోజు వెర్లీన్ పని నుంచి వచ్చి పైకి వెళ్తే అక్క మంచం మీద ముడుచుకుని ఉంది.

"చలేస్తోందే. ఆ శాలువా ఇటియ్యి" అంది.

"చలా? నీకు మతి పోయిందక్కా. ఊరంతా పెనం మీదుంటే నీకు చలేమిటి?" అని వెర్లీన్ నవ్వి, శాలువా కప్పి, నీళ్ళు పక్కన పెట్టి కిందికి వచ్చింది. ముసలి ఒంటికి వేడి హద్దు దాటితే చలిగా తెలుస్తుందని ఆవిడకి అప్పుడు తెలియదు. తర్వాత డాక్టరు చెప్పాడు.

రాత్రి కింద సోఫాలో, చెవి పక్కన పెద్ద ఫ్యాను పెట్టుకుని పడుకుంది. తెల్లవారి పైకి వెళ్తే తలుపు రాలేదు. ఆ తలుపంతే. గాలిలో తేమ ఎక్కువైతే చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోతుంది. భుజంతో నెట్టింది. కాస్త కదిలింది. వెనకాల ఏదో మెత్తగా అడ్డుంది.

లెమ్యుయెల్‌ని పిలిచింది. ఇద్దరూ కలిసి తలుపు తోసి, వెనక నేల మీద పడున్న అల్మీడాని మంచం మీద పడుకోబెట్టి, గౌను సర్ది, శాలువా కప్పారు. తలుపు అంచు దగ్గర రంగు మీద గోళ్ళ గీతలు ఉన్నాయి. లెమ్యుయెల్ వాటిని చూశాడు, వెర్లీన్‌ని చూశాడు. రోస్కో పరుగెత్తుకొచ్చేసరికి తల్లి ప్రశాంతంగా పడుకుని ఉంది.

"నిద్రలోనే వెళ్ళిపోయిందిరా. మంచం మీదే" అంది వెర్లీన్.

లెమ్యుయెల్ ఆ సంగతి పెళ్ళానికి కూడా చెప్పకుండా తనతోపాటు సమాధిలోకి తీసుకుపోయాడు.

మరుసటేడు జులైలో, మిట్టమధ్యాహ్నం, వెర్లీన్ వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. నెత్తి మీద చప్పుడు. టక్. సర్ర్. టక్. సర్ర్. మంచం నుంచి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపయ్యాక మళ్ళీ మంచం దగ్గర మొదలైంది.

ఆవిడ చిక్కుళ్ళ గిన్నె బల్ల మీద పెట్టి, మెట్ల కింద నిలబడి, "అక్కా, తలుపు తీసే ఉంది" అని కేకేసింది. నిజంగానే తీసే ఉంది. అక్క పోయిన రోజు నుంచీ దాన్ని ఇటుకరాయి అడ్డుపెట్టి తెరిచే ఉంచింది. అయినా అడుగులు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయేవి.

మొదటి వేసవి భయపడింది. రెండో వేసవికి ఎదురుచూసింది. ఆ తర్వాత అది ఇంట్లో ఒక మామూలు అయింది. బాగా ఎండ కాసిన మధ్యాహ్నాలే అక్క వచ్చేది, కప్పు చల్లబడితే వెళ్ళిపోయేది. వెర్లీన్ మెట్ల మీద కూర్చుని ఊళ్ళో సంగతులు చెప్పేది. పాస్టరు కూతురు ఎవరితో లేచిపోయిందో, రొట్టె ధర ఎంత పెరిగిందో, రోస్కోకి పెళ్ళి కుదిరేలా ఉందో లేదో. అక్క వస్తోందని ఒక్క ఒజెల్లాకే చెప్పింది.

"పాత ఇల్లు. చెక్కలు వేడికి మూలుగుతాయి" అంది ఒజెల్లా.

"చెక్కకి కుంటికాలు ఉంటుందా?"

ఒజెల్లా గిన్నెలోని ఐసు కలుపుతూ, "మా లెమ్యుయెల్ ఒక్కసారీ రాడు చూడు. బతికున్నప్పుడూ ఇంటిపట్టున ఉండి చచ్చాడు కాదు" అంది.

రోస్కోకి మాత్రం ఆ మాట చేరలేదు. వాడు ప్రతి ఆదివారం వచ్చేవాడు. వంటింట్లో కూర్చునేవాడు, పంపులు బాగుచేసేవాడు, చెత్త బయట పెట్టేవాడు. అమ్మ పోయాక మేడ మెట్టు ఒక్కటి ఎక్కలేదు. వెర్లీన్ ఎక్కమననూ లేదు.

వెర్లీన్‌కి డెబ్బై దాటాక ఒక వేసవి ఆదివారం చర్చిలో పాట మధ్యలో బెంచీ మీంచి జారి పడిపోయింది. ఆస్పత్రిలో మంచుగడ్డలు చుట్టి ఒళ్ళు చల్లబరిచారు. డాక్టరమ్మ రోస్కోని పక్కకి పిలిచి, ఈవిడని మళ్ళీ ఆ వేడి ఇంటికి పంపకండి అంది. అంతకుముందు వాడు కొనిచ్చిన కిటికీ ఏసీని వెర్లీన్ రెండ్రోజులు కూడా ఉంచకుండా ఒజెల్లాకి ఇచ్చేసింది. మోత భరించలేనంది. అసలు కారణం, ఆ మోతలో పైన ఏమీ వినపడదు.

ఈసారి వాడు ఆవిణ్ణి అడగలేదు. కాజ్‌మరెక్ అనే కంట్రాక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు. పొట్టిగా, మెడ మీద పెన్సిలు గీతలాంటి మచ్చతో ఉన్న ఆ మనిషి గోడలు తట్టి చూశాడు, నేలమాళిగలోకి దిగాడు, పైకెక్కాడు, చివరికి వంటింట్లో కూర్చున్నాడు.

"పాత ఇళ్ళతో చిక్కు ఇదేనమ్మా. చల్లగాలి పోవడానికి గొట్టాల దారే లేదు. కొత్త ఇంటికైతే ఇందులో సగం కూడా కాదు."

"దారి లేకపోతే కాఫీ తాగి వెళ్ళు నాయనా" అంది వెర్లీన్.

అతను నవ్వాడు. "లేదనలేదమ్మా, చెయ్యాలన్నాను. మేడమీద వెనక గదిలో గోడకి బట్టల అర ఉంది కదా, మిషను అందులో పెడతాను. అక్కణ్ణించి కప్పు కింద రేకు గొట్టాలు ముందు గదికి, ఒకటి నేలలో కన్నం చేసి కిందికి. వేడి బయటికి వదిలే ఫ్యాను పెట్టె పెరట్లో ఉంటుంది. కరెంటు పెట్టె కూడా మార్చాలి. మీ తీగలు మా తాతకి కూడా పాతవనిపిస్తాయి. అన్నీ కలిపి పద్నాలుగు వేల డాలర్లు."

"పద్నాలుగు వేలు. నేను ఈ ఇల్లు కొన్నది అంతకంటే తక్కువకిరా రోస్కో."

రోస్కో ఆవిడవైపు చూడలేదు. "ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగాడు కాజ్‌మరెక్‌ని.

అతను వెళ్ళాక వెర్లీన్ కప్పులు కడుగుతూ, "ఆ డబ్బు పడవకి దాచుకున్నది కదరా" అంది. వాడికి సముద్రపు పాయలోకి సొంత పడవ మీద వెళ్ళి పీతలు పట్టాలని ఏనాటినుంచో ఆశ. ఫ్రిజ్ మీద పడవ బొమ్మ కూడా అంటించాడు.

"పీతలు బజార్లోనూ దొరుకుతాయి పిన్నీ."

"అది మీ అమ్మ గదిరా."

"అందుకే" అన్నాడు వాడు. ఆ ఒక్క మాట వెర్లీన్‌కి వెన్నులో దిగింది. ఇన్నేళ్ళుగా వాడు అడగని ప్రశ్న ఏదో అందులో ఉందనిపించింది: కింద నువ్వున్నావు కదా పిన్నీ, పైన మా అమ్మ ఎలా పోయింది?

బట్టల అర ఖాళీ చేయడం వెర్లీనే చేసింది. ఈస్టరు టోపీలు, ఊలు కోటు, కీళ్ళనొప్పులకి రాసుకునే వింటర్‌గ్రీన్ తైలం సీసా, అడుగున లావు అడుగు జోడు. సీసా మూత తీస్తే వాసన ఇంకా ఘాటుగానే ఉంది. టోపీలు చర్చి ఆడవాళ్ళకి ఇచ్చింది. జోడు ఎవరికిస్తుంది, అలాంటి కాలు ఇంకెవరికీ లేదు. తన మంచం కిందకి తోసింది.

పనివాళ్ళు వచ్చి గోడలు కోశారు. సున్నం పొడి ఇల్లంతా పడింది. వెర్లీన్ ఆ రోజులన్నీ వీధిమెట్ల మీదే కూర్చుంది. ఎవరో తన పొట్ట కోస్తుంటే బయట కూర్చుని వింటున్నట్టుందని ఒజెల్లాతో అంది. "పొట్ట కోస్తే ఇంతకంటే ఎక్కువ బిల్లు వేస్తారులే" అంది ఒజెల్లా.

ఒకనాటికి పని పూర్తయింది. కాజ్‌మరెక్ గోడమీద చిన్న తెల్ల పెట్టె చూపించి మీట నొక్కాడు. కప్పులోని జాలీల్లోంచి చల్లని గాలి మెల్లగా దిగింది. రోస్కో జాలీ కింద నిలబడి టోపీ తీసి, కళ్ళు మూసుకుని తల పైకెత్తాడు. అంత సంతోషంగా వాణ్ణి చూసి చాలా కాలమైంది. వెర్లీన్ వాడి కోసం, "బాగుందిరా" అంది.

కిటికీలన్నీ మూయాలన్నారు, మూశారు. వీధి చప్పుడు తెగిపోయింది. గుర్రబ్బండి మీద పుచ్చకాయలమ్మే మనిషి కేక, గుర్రం మెడలో గంటలు, పిల్లల గొడవ, అన్నీ అద్దాల అవతల మూగగా కదిలేవి. మొదటివారం ఆవిడ హాయిగా నిద్రపోయిన మాట నిజం. కాళ్ళ వాపు తగ్గింది. అన్నం రుచించింది. కానీ మధ్యాహ్నం కాగానే చెవులు వాటంతటవే పైకి నిక్కేవి. పైన గాలి తప్ప ఏమీ లేదు. బయట రోడ్డు మీద తారు కరుగుతున్న రోజున కూడా పైన ఏమీ లేదు.

"అక్క రావడం లేదే" అంది ఒజెల్లాతో.

"ఆ చలికి ఎలా వస్తుంది? కీళ్ళనొప్పులు కదా ఆవిడకి" అంది ఒజెల్లా. వెర్లీన్ నవ్వకపోవడం చూసి గిన్నె పక్కన పెట్టి, ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

జులై చివర ఒకరోజు రేడియోలో, ముసలివాళ్ళు బయటికి రావద్దు, పక్కవాళ్ళని కనిపెట్టుకోండి అని పొద్దుటినుంచీ చెబుతున్నారు. భోజనమయ్యాక వెర్లీన్ తెల్ల పెట్టె దగ్గరికి వెళ్ళి మీట కిందికి నొక్కింది. గాలి ఆగింది. పైకి వెళ్ళి అల్మీడా మంచం మీద కూర్చుంది. కప్పు మీద తారు కాగి కాగి గది మెల్లగా మళ్ళీ పాత గదైంది. పాత వాసన వచ్చింది. చెమటలు పోశాయి, తర్వాత ఆగిపోయాయి.

టక్. సర్ర్.

తన పక్కనుంచే, తన మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా. కింద కూర్చుని వినడం వేరు. ఒకే గదిలో, కళ్ళెదుట ఏమీ లేకుండా ఆ అడుగు పక్కనుంచి పోవడం వేరు. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. తర్వాత ఎప్పుడూ కింద వినపడని చప్పుడొకటి వినపడింది. చెక్క మీద గోళ్ళు గీరుతున్న చప్పుడు. తలుపు తెరిచి ఉంది, దాని వెనక ఇటుక ఉంది. చప్పుడు మాత్రం మూసిన తలుపుదే.

"అక్కా, ఇటు రా, నేనున్నాను" అంది వెర్లీన్. లేవబోతే కాళ్ళు రాలేదు. దవడలు వణికాయి. చలేస్తోంది. శాలువా ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంది. చలేస్తోందన్న ఆలోచన వచ్చిన మరుక్షణం అదేమిటో ఆవిడకి తెలిసింది. తెలిసి కూడా లేవలేకపోయింది.

ఒజెల్లా వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో వెర్లీన్ మిషను ఫ్యాను తిరగడం లేదు. తలుపు కొట్టింది. పలుకు లేదు. రోస్కోకి ఫోన్ చేసింది. వాడు తన దగ్గరున్న తాళంతో వచ్చి, కింద వెతికి, మెట్ల దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఇన్నేళ్ళ తర్వాత మేడ ఎక్కాడు. పిన్నిని ఎత్తుకుని కిందికి తెచ్చి స్నానాల తొట్టిలో చన్నీళ్ళ కింద కూర్చోబెట్టాడు. యూనిఫాం చొక్కాతోనే తనూ తడుస్తూ పట్టుకున్నాడు. ఆస్పత్రివాళ్ళు వచ్చి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారు.

ఆవిడ తేరుకున్నాక వాడి కోపం బయటికి వచ్చింది.

"మా అమ్మ ప్రాణం తీసిన గదిలోకి వెళ్ళి, ఏసీ కట్టేసి కూర్చుంటావా? నాకు ఇంకెవరున్నారని? నన్నేం చేద్దామనుకున్నావు?"

"మీ అమ్మ వస్తుందిరా అక్కడికి" అంది వెర్లీన్. "ఎండ కాస్తేనే వస్తుంది. నడుస్తుంది. నీ మిషను వచ్చాక మానేసింది."

రోస్కో పక్కనున్న ఒజెల్లావైపు చూశాడు. ఒజెల్లా తల దించుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన మరుసటేడు నుంచి."

"మరి నాకెందుకు వినపడలేదు?" ఆ అడగడంలో కోపం లేదు. పెద్దమనిషి గొంతులోంచి చంటిపిల్లాడి అలక వచ్చింది.

"నువ్వు మెట్టెక్కితే కదరా."

తర్వాతి శనివారం వాడు సెలవు పెట్టాడు. వెర్లీన్‌ని ఒజెల్లా ఇంట్లో, తను కొన్న కిటికీ ఏసీ ముందు కూర్చోబెట్టి, "కదిలావంటే ఊరుకోను" అన్నాడు. ఇంటికి వెళ్ళి మిషను కట్టేసి, బకెట్టులో నీళ్ళు పెట్టుకుని తల్లి గదిలో కూర్చున్నాడు. గోడకి అవతల వెర్లీన్ చెవి ఆనించి కూర్చుంది. ఆ గోడ ఇటుకది, లావుది. ఏమీ వినపడలేదు.

ఎండ వాలాక వాడు వచ్చాడు. బనీను ఒంటికి అతుక్కుపోయింది. కుర్చీలో కూలబడి, ఇచ్చిన నీళ్ళు తాగాడు.

"గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది" అన్నాడు. "తలుపు తీసే ఉంది కదా. బయటికి రాదేం పిన్నీ?"

వెర్లీన్ వాడికి నడుస్తుందని మాత్రమే చెప్పింది. ఆగిపోతుందని చెప్పలేదు.

ఒజెల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెర్లీన్ తన నున్నటి అరచేతులు చూసుకుంది. "ఆ తలుపు తేమకి ఉబ్బుతుందిరా" అంది మెల్లగా. "ఆ రాత్రి బిగుసుకుపోయింది. మీ అమ్మ మంచం మీద పోలేదు. కింద ఫ్యాను రొదలో నాకు తెలియలేదు."

వాడు తనని తిడితే బాగుండుననుకుంది. వాడు గ్లాసు కింద పెట్టి, బండిలోంచి పనిముట్ల పెట్టె తీసుకుని పిన్ని ఇంట్లోకి వెళ్ళాడు. రంగు పట్టి బిగిసిన మడతబందుల మేకులు ఒక్కొక్కటే ఊడదీసిన చప్పుడు వీధి దాకా వచ్చింది. తలుపు విడిపించి, వీపున మోసుకుంటూ మెట్లు దిగి, వెనక సందులో గోడకి ఆనించాడు. గీతలున్న వైపు గోడకి తిప్పి పెట్టాడు. అప్పుడు దాని పక్కన కింద కూర్చుని ఏడ్చాడు. వెర్లీన్ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. మోకాళ్ళు వంగకపోయినా కూర్చుంది.

ఆ సాయంత్రం మిషను మళ్ళీ వేశారు. ఆ తర్వాత ఆవిడ దాన్ని కట్టెయ్యలేదు. వేసవంతా స్వెట్టరు తొడుక్కుని, కరెంటు బిల్లుని తిడుతూ, చల్లగా బతికింది. రోస్కో పొద్దుటి డ్యూటీ దిగాక తిన్నగా వచ్చి, తలుపులేని ఆ గదిలో, తల్లి మంచం మీద కాసేపు పడుకునేవాడు. వాడి గురక వంటింట్లోకి వినపడేది. పడవ మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడు నాలుగేళ్ళకి ఒక జూన్‌లో పెద్ద గాలివాన వచ్చి ఊళ్ళో చాలా వీధులకి కరెంటు పోయింది. రోజులు గడిచినా రాలేదు. ఇళ్ళు మళ్ళీ పెనాలయ్యాయి. రోస్కో కాస్త దూరంలో కరెంటున్న తన వాటాకి తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆవిడ సంచి సర్దుకుని మెట్ల కింద ఆగింది. మధ్యాహ్నం. మేడ నిప్పులు చెరుగుతోంది. గాలి ఆగిపోయిన ఇల్లు పూర్వంలాగే ఒంటికి అంటుకుంది. మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడింది. రోస్కో తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని ఆగాడు.

చాలాసేపు నిలబడ్డారు. పైన ఏమీ లేదు. చెక్క కూడా మూలగలేదు.

"పద" అంది చివరికి.

కారెక్కాక రెండు వీధులు దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత, అక్క చనిపోయిన రోజున కూడా ఏడవని మనిషి, ఒళ్ళో పెట్టుకున్న స్వెట్టరులో మొహం పెట్టుకుని ఏడ్చింది. రోస్కో బండి పక్కకి తీసి ఆపి, ఆవిడ ఏడుపు అయ్యేదాకా కూర్చున్నాడు.